సున్నా మేడమ్

పరీక్ష తప్పడం కోసం రోజూ ఠంచనుగా తొమ్మిదిన్నరకు ఆఫీసుకు వచ్చే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడే మా సున్నా మేడమ్. పదకొండేళ్ళలో ఆఫీసు లెక్క ప్రకారం ఆవిడ రాసిన పరీక్షలు మూడు వందల నలభై. తప్పినవి కూడా మూడు వందల నలభై. నేనేదో పెంచి చెబుతున్నానని అనుకోకండి. అన్నిటికీ కంప్యూటర్లో రికార్డుంది.

మా ఆఫీసు పని ఆన్‌లైన్ కోర్సుల మంచీచెడూ చూడటం. తేనెటీగల పెంపకం దగ్గర్నుంచి చంటిపిల్లల సంరక్షణ దాకా ఎవరెవరో కోర్సులు తయారుచేస్తారు. జనం చేతికి వెళ్ళేముందు అవి మా బల్లల మీదికి వస్తాయి. మాకో నలభై ఆరు అంశాల పట్టిక ఉండేది. ఈ పాఠం ఎందుకో మొదట్లోనే చెప్పారా? వీడియో సాగదీశారా? మాట్లాడే మాటలు తెరమీద అక్షరాల్లో కూడా వస్తున్నాయా? పాఠంలో చెప్పిందే పరీక్షలో అడిగారా? ఇలా ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. మేమంతా అలాగే పోయేవాళ్ళం. మేడమ్ మాత్రం తప్పుతూ పోయేవారు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు మంటలార్పడం గురించిన కోర్సు నా చేతికిచ్చారు. గంటన్నరలో పాఠాలు చూసేసి, పరీక్ష రాసి, ఇరవైకి ఇరవై తెచ్చుకుని, నలభై ఆరు టిక్కులూ పెట్టి, ఆ కాగితాన్ని పక్క బల్ల దగ్గరున్న మేడమ్‌కి చూపించాను. మెచ్చుకుంటారనే చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాగితం మొత్తం చదివారు.

"తప్పావా?" అన్నారు.

"లేదు మేడమ్. ఇరవైకి ఇరవై."

"అయితే సగమే చూశావు. నెగ్గినవాడితో అది ఎలా మాట్లాడుతుందో చూశావు. తప్పినవాడితో ఎలా మాట్లాడుతుందో చూడలేదు."

అని నా కుర్చీ పక్కకు జరిపి ఆవిడే కూర్చున్నారు. ఇల్లు అంటుకుంటే ముందుగా ఏం చేయాలి అన్న ప్రశ్నకు 'ఫొటో తీయాలి' అనే జవాబు నొక్కారు. అలా ఇరవై ప్రశ్నలకూ నింపాదిగా, ఒక్కోదాన్నీ రెండుసార్లు చదివి మరీ తప్పు రాశారు. తెర ఎర్రబడింది. 'మీరు విఫలమయ్యారు. ధన్యవాదాలు' అని వచ్చింది. ఎక్కడ తప్పారో, ఎందుకు తప్పారో ఒక్క ముక్క లేదు. తిన్నగా తీసుకెళ్ళి మొదటి వీడియో ముందు కూర్చోబెట్టింది. అది ముప్ఫై ఎనిమిది నిమిషాల వీడియో. ముందుకు జరపడానికి వీల్లేదు. మేడమ్ చేతులు కట్టుకుని మొత్తం చూశారు. పక్కన నిలబడి నేనూ చూశాను. అయ్యాక ఆవిడ మళ్ళీ తప్పారు. మళ్ళీ అదే వీడియో.

"ఇది రెండోసారి అయ్యేలోపు ఇల్లు కాలిపోతుందయ్యా," అన్నారు మేడమ్ ముఖంలో నవ్వన్నది లేకుండా. నా నలభై ఆరు టిక్కులూ ఆ సాయంత్రమే సొరుగులోకి వెళ్ళిపోయాయి.

సున్నా తెచ్చుకోవడం తేలికనుకునేవాళ్ళు ఎప్పుడూ ప్రయత్నించి ఉండరు. చదవకుండా గుడ్డిగా నొక్కుకుంటూ పోతే ఇరవైలో అయిదో ఆరో ఎలాగూ తగులుతాయి. ఇరవైకి ఇరవై తప్పు కావాలంటే ఇరవైకి ఇరవై ఒప్పు తెలిసుండాలి. అందుకే ఆఫీసులో అందరికంటే ఎక్కువ చదివేది మేడమే. ఒకసారి తేనెటీగల కోర్సులో ఆవిడకు ఒక మార్కు వచ్చింది. ఆ రోజు భోజనం సగంలో ఆపేశారు. పాఠం మూడుసార్లు తిరగేశారు. చివరికి తేనెపట్లు పెంచే ఒకాయనకు ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. తేలిందేమిటంటే, మేడమ్ సరిగ్గానే తప్పు రాశారు, కోర్సే తప్పు జవాబును ఒప్పుగా పెట్టుకుంది. పట్టు దగ్గరికి నల్లబట్టలు వేసుకుని వెళ్ళమంటోంది అది. నలుపు చూస్తే ఈగలకు ఒళ్ళు మంట. ఆ ఒక్క మార్కు రాకపోయి ఉంటే ఎంతమంది ముఖాలు వాచిపోయేవో.

ఆవిడ దగ్గర ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. ఏ కోర్సు 'తప్పు' అనే మాటను ఎలా చెబుతుందో అందులో రాసుకునేవారు. కొన్ని గంట కొడతాయి. కొన్ని పెద్ద అడ్డగీత గీస్తాయి. ఒకటి మాత్రం ఏడుపు ముఖం బొమ్మ చూపించి 'అయ్యయ్యో' అనేది. దాని కింద మేడమ్, 'ఏడవాల్సిన మనిషి ఇవతల కూర్చునుంటే నీకెందుకమ్మా ఏడుపు' అని రాసుకున్నారు. వందల కోర్సుల్లో ఆవిడ మెచ్చుకున్నవి నాలుగే నాలుగు. వాటిలో ఒకటి కుట్టుపని కోర్సు. తప్పు రాస్తే అది, 'ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రెండో పాఠంలో మూడో నిమిషం చూడండి, తేలిపోతుంది' అనేది. మేడమ్ దాన్ని చదవడం కోసమే ఇంకో నాలుగుసార్లు తప్పారు.

కొత్త డైరెక్టరు గారు వచ్చిన నెలలోనే ఈ అలవాటు మీద పెద్ద గొడవైంది. సిబ్బంది ఎవరెవరు ఏమేం నేర్చుకున్నారో లెక్క చూసే యంత్రం ఒకటుంది మా దగ్గర. అది తనంతట తానే ఆయనకు ఉత్తరం పంపింది. మీ సిబ్బందిలో ఒకరి గ్రహణశక్తి ఆందోళనకరంగా ఉంది, వెంటనే ప్రాథమిక శిక్షణలో చేర్పించగలరు అని. ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి, మేడమ్ ఇంట్లో మనుషుల్ని గుర్తుపడుతున్నారా అని అడిగారు. నేను సంగతంతా విడమరిచి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఉత్తరం వచ్చింది కాబట్టి నియమం ప్రకారం శిక్షణ ఇప్పించక తప్పదన్నారు. మేడమ్ సంతోషంగా చేరారు. 'నేర్చుకోవడం నేర్చుకోండి' అని ఆ కోర్సు పేరు. అదీ తప్పారు. ఏడు పేజీల నివేదిక కూడా రాశారు. పదిహేను రోజుల్లో ఆ కోర్సును ఎత్తేశారు.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఒకసారి నా చేతిగడియారం ఇవ్వడానికి వెళ్తే, భూతద్దం కంటి మీంచి తీయకుండానే తమ కష్టం చెప్పుకున్నారు. కొత్త వాషింగ్ మెషీన్ వచ్చి మూడు రోజులైందట. మేడమ్ ఇంకా దాని తప్పుడు మీటలన్నీ నొక్కి చూస్తూనే ఉన్నారట.

"మా ఇంట్లో ఏ వస్తువూ మొదటి వారం పనిచేయదు తమ్ముడూ. పాపం, దాన్ని అని లాభం లేదు," అన్నారాయన.

ఇలా మేము నవ్వుకుంటూ ఉండగా ఆసుపత్రి కోర్సు వచ్చింది.

పెద్ద ఆసుపత్రి అది. వార్డు ఆయాలు, ఊడ్చేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు కలిసి రెండు వందల పద్నాలుగు మంది. చేతులు ఎలా కడగాలి, రోగుల మురికి దుప్పట్లు ఎలా మూటకట్టాలి, ఏ చెత్త ఏ సంచిలో వేయాలి అన్నది కోర్సు. నెలలోగా పాసవని వాళ్ళను డ్యూటీలోకి తీసుకోరని ఆర్డరు కూడా వచ్చేసింది. కోర్సు చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. తెరవగానే సబ్బుబుడగలు తేలుకుంటూ వస్తాయి. నేను నలభై ఆరులో నలభై ఐదు ఇచ్చాను. అప్పటికి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పాసయ్యే దారి నేను చూడాలి, తప్పే దారి మేడమ్ చూడాలి.

ఆ రోజు మేడమ్ బల్ల దగ్గర కూర్చోలేదు. వాళ్ళు ఈ పరీక్ష ఎక్కడ రాస్తారని అడిగారు. పని మధ్యలో, వాళ్ళ ఫోన్లలోనే అని చెప్పాను. అయితే మనమూ అక్కడే రాద్దాం పద అని లేచారు.

ఆసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంది. నాలుగు యంత్రాలు హోరుమంటున్నాయి. ఆవిరికి గోడలు చెమర్చాయి. గోడ అలమరలో ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిపెట్టిన ఫోన్లు. మేడమ్ తడి నేల మీద నిలబడి పరీక్ష మొదలుపెట్టారు. ప్రశ్నకు పన్నెండు సెకన్లు. చదవడానికే పది పడుతోంది. బొమ్మలను వేలితో లాగి వరసలో పెట్టాలి. వేలు తడిగా ఉంటే బొమ్మ కదలదు. మూడుసార్లు తప్పాక, 'మీ ఖాతా ఏడు రోజులు నిలిపివేయబడింది' అని వచ్చింది. అదయ్యాక పైన క్యాంటీన్‌లోకి వెళ్ళి చూస్తే, అక్కడ గోడ మీద టీవీలో అందరి పేర్లూ మార్కుల ప్రకారం మొదటినుంచి చివరిదాకా తిరుగుతున్నాయి. ముందుగా ముప్ఫై మంది చేత రాయించి చూస్తున్నారట.

ఆ ముప్ఫై మందిలో చివరి పేరు లాండ్రీ అక్కది. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మూడుసార్లు తప్పి ఆమె ఖాతా ఆగిపోయింది. కిందికి తిరిగొచ్చి మేడమ్ పలకరిస్తే, దుప్పటి మడతపెడుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"చేతులు కడగడం నాకు తెలుసమ్మా. ఇరవై రెండేళ్ళుగా కడుగుతున్నా. ఆ ఫోన్లో కడిగే బొమ్మని లాక్కురావడమే చేతకావట్లేదు."

కాసేపాగి, ఇంట్లో పాసయ్యానని చెప్పేశానంది. క్యాంటీన్‌కు వెళ్ళడం మానేసిందట. తన పేరు తిరుగుతూ ఉంటే ముద్ద దిగడం లేదని ఆ యంత్రాల పక్కనే కూర్చుని తింటోందట.

ఎక్కడ తప్పినా వెంటనే నోటుపుస్తకం తీసే మేడమ్ ఆ రోజు తీయలేదు.

కోర్సు ప్రారంభోత్సవం ఇంక నాలుగు రోజులే. ఆహ్వానాలు పంచేశారు. డైరెక్టరు గారి గదిలో కోర్సు తయారుచేసిన డిజైనర్ అమ్మాయి, ఆసుపత్రి సూపరింటెండెంటు గారు కూర్చుని ఉన్నారు. మేడమ్ సంతకం పెట్టనన్నారు. నలభై ఐదు మార్కులొచ్చిన కోర్సును ఎందుకు ఆపాలో డైరెక్టరు గారికి అర్థం కాలేదు. ఆయన మర్యాదగానే అడిగారు, కొంచెం విసుగ్గా కూడా.

"మీరోసారి తప్పి చూడండి సార్," అన్నారు మేడమ్.

ఆయన సరదాకి సరేనన్నారు. మేడమ్ ఆయన్నీ, డిజైనర్ అమ్మాయినీ లాండ్రీకి తీసుకెళ్ళారు. మూడు డిగ్రీలున్న మనిషి, ఒక్కటీ తప్పు పోకుండా రాద్దామని మనసులో అనుకున్నట్టున్నారు, శ్రద్ధగా మొదలుపెట్టారు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకునేలోపు పన్నెండు సెకన్లు అయిపోయాయి. వేళ్ళకు తడి అంటింది. మూడుసార్లు రాశారు, మూడుసార్లూ తప్పారు. ఆయన ఖాతా ఏడు రోజులు ఆగిపోయింది. ఎక్కడ తప్పానో చెప్పదేమిటి ఇది అని పక్కవాళ్ళ వంక చూశారు. డిజైనర్ అమ్మాయి తన ఫోన్లో అదే బొమ్మను లాగి చూసుకుంటోంది. అది కదలడం లేదు.

"నేనెప్పుడూ పొడి చేత్తోనే చూశానండీ," అంది, తనలో తను అనుకున్నట్టు.

ఆ అమ్మాయి మంచిది. రెండు వారాలు గడువు తీసుకుని మొత్తం మార్చేసింది. పన్నెండు సెకన్ల లెక్క పోయింది. లాగడం పోయి నొక్కడం వచ్చింది. తప్పు రాస్తే ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో చెప్పి, పాఠంలో ఆ ముక్క దగ్గరికే తీసుకెళ్ళేలా చేసింది. ఖాతా ఆపడమూ పోయింది. ఒక్క టీవీలో పేర్ల వరస దగ్గరే సూపరింటెండెంటు గారు మొండికేశారు. పోటీ ఉంటేనే జనానికి పట్టుదల వస్తుందన్నది ఆయన నమ్మకం. అందరూ పాసైనా సరే, ఆ వరస ఎప్పటికీ తిరుగుతూ ఉండాల్సిందే. ఒప్పందంలోనూ అలాగే రాసుకున్నారు. మేడమ్ ఇక్కడ ఆయన్ను వదలరనుకుని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆవిడ ఒకే ఒక్క మాట అడిగారు, పాసవకుండా, నెల రోజులు పరీక్ష కూడా రాయని పేరు ఆ వరసలోంచి పోతుందా అని. అలా కోర్సు మధ్యలో మానేసినవాళ్ళ పేర్లు పోతాయి, ఎందుకండీ అన్నారాయన. ఊరికే అని మేడమ్ సంతకం పెట్టేశారు. నాకు చిన్నతనమనిపించింది. ఆవిడకు ఓపిక తగ్గిందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

నెలలోపు రెండు వందల పద్నాలుగు మందీ పాసయ్యారు. లాండ్రీ అక్క రెండోసారికే పాసైంది. అందరూ డ్యూటీలో నిలిచారు.

మూడేళ్ళ తర్వాత మేడమ్ రిటైరయ్యారు. ఆవిడ బల్ల నాకు వచ్చింది. రెండో వారంలోనే ఆసుపత్రి నుంచి ఫోన్. మీరు అప్పట్లో పరిశీలన కోసం తెరిచిన ఖాతా ఒకటి మా వరసలో చివరన అలాగే ఉండిపోయింది, తీసేయండి అన్నారు. సరేనని తెరిచాను. పేరు మేడమ్‌దే. కానీ అది ఉండిపోయిన ఖాతా కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆవిడ అందులోకి వెళ్ళారు. పాఠాలన్నీ చూశారు. పరీక్ష రాశారు. సున్నా తెచ్చుకున్నారు. ముప్ఫై ఆరు నెలలు, ఒక్క నెలా తప్పలేదు. అనుమానం వచ్చి, పేర్ల వరస ఉన్న మిగతా కోర్సులన్నీ వెతికాను. ఇంకో తొమ్మిదింటిలో అట్టడుగున అదే పేరు. ఆ ఆసుపత్రిలో మూడేళ్ళుగా, ఒక్క రోజు కూడా, పనిచేసే మనిషి ఎవరూ చివరి స్థానంలో లేరు.

ఆ పేరు తీసేయడానికి చేయి రాలేదు. సూపరింటెండెంటు గారితో ఎదురుగానే మాట్లాడదామని ఆసుపత్రికి వెళ్ళాను. లోపలికి వెళ్తుండగా మెట్ల దగ్గర లాండ్రీ అక్క నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"బాబూ, మీరు ఆ కోర్సు ఆఫీసు వాళ్ళు కదా. ఆ చివరన ఉండే ఆవిడ ఏ వార్డో మీకేమైనా తెలుసా? మూడేళ్ళుగా ప్రతి నెలా తప్పుతోంది, పాపం. మేమంతా అన్ని అంతస్తులూ వెతికాం, కనబడలేదు. సిగ్గుపడి తప్పించుకు తిరుగుతోందేమో."

మేడమ్ పేరు ఆమెకు తెలియదు. ఆమె లాండ్రీలోకి వెళ్ళి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన గీతల కాగితాలు నాలుగు తెచ్చింది. కోర్సు మొత్తాన్నీ వాళ్ళ మాటల్లో, పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. అవసరమైన చోట బొమ్మలు వేశారు. కొత్తగా చేరినవాళ్ళకు ఇదే ఇస్తామని, దీంతో పాసవనివాళ్ళు లేరని చెప్పింది.

"దొరికితే ఇది ఇవ్వండి. రావడానికి మొహమాటంగా ఉంటే మేమే వెళ్ళి నేర్పుతామని చెప్పండి," అంది.

ఇస్తానన్నాను. ఆ కాగితాలు చేతిలో పట్టుకునే సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్ళాను. చివరి పేరు ఎవరిదో చెప్పాను. కింద ఆవిడ కోసం ఎవరెవరు వెతుకుతున్నారో చెప్పాను. ఆయన కాగితాలు తీసుకుని నాలుగూ చదివారు. మర్నాటి నుంచి ఆ టీవీలో డ్యూటీల వేళలు మాత్రమే తిరగడం మొదలుపెట్టాయి.

ఆ ఆదివారం మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఖాతా సంగతి అడిగితే ఆవిడ కొంచెం ఇబ్బంది పడ్డారు.

"అడుగున ఎవరో ఒకరు ఉండాలి కదయ్యా. నాకైతే అలవాటే," అని మాట మార్చేశారు.

టీవీలో వరస తీసేశారని చెప్పి, కాగితాలు చేతికిచ్చి, అవి ఎవరు ఎవరి కోసం పంపారో చెప్పాను. మేడమ్ చాలాసేపు చదివారు. చేయి అలవాటుగా కలం కోసం బల్ల మీద తడిమింది. కానీ కలం తెరవలేదు. చదవడం అయ్యాక కాగితాలు మళ్ళీ సంచిలో జాగ్రత్తగా పెట్టి, ఫోన్ ఇలా ఇవ్వమన్నారు.

"ఇంత బాగా చెప్పాక కూడా తప్పితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది," అన్నారు.

పరీక్ష మొదలుపెట్టారు. మొదటి ప్రశ్నకు ఒప్పు నొక్కారు. రెండోదానికీ ఒప్పే. ముందుగదిలోంచి ఆవిడ భర్త కంటికి భూతద్దంతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఇరవై ప్రశ్నలూ అయ్యాయి. ఇరవైకి ఇరవై.

తెరమీద సబ్బుబుడగలు లేచాయి. రంగురంగుల పేజీ ఒకటి తెరుచుకుంది. పాసైనవాళ్ళకు మాత్రమే కనబడే ఆ పేజీని మేడమ్ జన్మలో మొదటిసారి చూస్తున్నారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. సంతోషం వల్లే అనుకున్నాను. ఫోన్ నా వైపు తిప్పారు. పెద్ద అక్షరాల్లో, మధ్యలో సున్నా లేకుండా, 'అభినదనలు' అని ఉంది.

"ఈ పేజీ చూసి టిక్కు పెట్టింది ఎవరయ్యా?" అన్నారు మేడమ్.

"నేనే మేడమ్," అన్నాను.